పాళ్లు ఒక్కటే, చేతులు వేరు: రెసిలియన్స్ ఐపీఏ బీరు క్యాన్ల రుచి గురించి

తుంగభద్ర_తీరం | ఫ్రీమాంట్, కాలిఫోర్నియా | 2019 జనవరి 5

గత నవంబరులో రెండు వారాలపాటు మేము ఇంటి కిటికీలు తెరవలేదు. నవంబరు 8న ఉత్తర కాలిఫోర్నియాలో రాజుకొని పారడైజ్ పట్టణాన్ని దాదాపు పూర్తిగా బూడిద చేసిన క్యాంప్ ఫైర్ అనే కార్చిచ్చు పొగ దిగువకు పాకి వచ్చి శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఉన్న మా బే ఏరియా మీద కూర్చుంది. 16వ తేదీన గాలి నాణ్యత సూచిక 200 దాటడంతో పిల్లల బడులు మూసేశారు. 21న వాన పడితే గాని ఆకాశం కనబడలేదు. ఆ మంటల్లో 80 మందికి పైగా చనిపోయారు, 18,000కు పైగా కట్టడాలు కాలిపోయాయి. ఈ సంగతి చెప్పకుండా నిన్న సాయంత్రం తాగిన బీరు గురించి రాయడం నాకు చేతకాదు.

చికోలో బీరు తయారుచేసే సియెర్రా నెవాడా బ్రూవరీకి పారడైజ్ పొరుగూరు. అక్కడ పనిచేసేవారిలో ఇళ్లు పోగొట్టుకున్నవారు ఉన్నారు. స్థాపకులు కెన్ గ్రాస్‌మన్ గారు దేశంలోని బ్రూవరీలన్నింటినీ ఉద్దేశించి, ఒక ఐపీఏ (ఇండియా పేల్ ఏల్ అనే చేదెక్కువ బీరు) తయారీ పాళ్లను అందరి ముందు పెట్టి, మీరూ ఇదే తయారుచేసి అమ్మగా వచ్చిన సొమ్మును, లాభాన్ని మాత్రమే కాక మొత్తం సొమ్మును, సహాయనిధికి పంపండని కోరారు. మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం), హాప్స్ (బీరుకు చేదును, వాసనను ఇచ్చే పువ్వులు) అమ్మే సంస్థలు సరుకును ఉచితంగా ఇవ్వడానికి ముందుకొచ్చాయి. నవంబరు 27ను తయారీ రోజుగా పెట్టుకుంటే 1,400కు పైగా బ్రూవరీలు చేయి కలిపాయి. అలా పుట్టినదే రెసిలియన్స్ బ్యూట్ కౌంటీ ప్రౌడ్ ఐపీఏ. టూ-రో బార్లీ మాల్ట్, కొంత క్రిస్టల్ మాల్ట్, క్యాస్కేడ్, సెంటెనియల్ అనే రెండు రకాల హాప్స్ ఇందులోని సరుకులు. ఆల్కహాలు సుమారు 6.5 శాతం ఉంటుంది.

నేను మూడు క్యాన్లు పక్కపక్కన పెట్టుకొని తాగాను. ఒకటి సియెర్రా నెవాడా వారిది, రెండోది మా ప్రాంతంలోని ఒక చిన్న బ్రూవరీది, మూడోది శాక్రమెంటో వైపు నుంచి మిత్రుడు తెచ్చినది. మూడింటినీ ఫ్రిజ్‌లోంచి తీసి పావుగంట బయట ఉంచి, ఒకే రకం గ్లాసుల్లో పోశాను.

మొదటిది ముదురు తేనె రంగులో, దాదాపు తేటగా ఉంది. నురగ గ్లాసు గోడకు జాలీలాగా అంటుకొని చివరిదాకా నిలిచింది. ముక్కు దగ్గర పెట్టుకోగానే పంపరపనస తొక్క గిల్లినప్పటి వాసన, దాని వెనక గుగ్గిలం పొడిలాంటి ఒక జిగట వాసన వచ్చాయి. నోట్లో ముందు క్రిస్టల్ మాల్ట్ ఇచ్చే లేత పాకం రుచి, ఆ తరువాత చేదు. ఆ చేదు నాలుక చివర కొంచెంసేపు నిలిచి, మెంతి గింజ కొరికినట్లు శుభ్రంగా ముగుస్తుంది. నేటి మబ్బుమబ్బు ఐపీఏలకు అలవాటుపడినవారికి ఇది పాతకాలపు బీరులా అనిపించవచ్చు. నాకు మాత్రం ఇదే నచ్చింది.

రెండోది రంగులో కాస్త లేత. పాకం రుచి బాగా తక్కువ, చేదు పదునుగా ఉంది, బత్తాయి వాసన మొదటిదానికంటే ముందుకు వచ్చింది. పాళ్లు ఒక్కటేనని తెలియకపోతే ఇవి రెండూ అన్నదమ్ములని చెప్పలేను.

మూడోది నిరాశపరిచింది. గ్లాసు వెచ్చబడేకొద్దీ వెన్న వాసన పెరిగింది, నాలుక మీద జిడ్డు పొర ఏర్పడింది, హాప్స్ దాని కింద అణగిపోయాయి. సగం తాగి పక్కన పెట్టేశాను. మీ ఊళ్లలో దొరికినవి ఎలా ఉన్నాయో రాయండి.

సహపంక్తి | ఎడిసన్, న్యూజెర్సీ | 2019 జనవరి 5

తుంగభద్ర_తీరం గారూ, మీ వర్ణన బాగుంది కాని చివరి భాగం నన్ను బాధించింది. సరుకు దానంగా వచ్చిందే అయినా శ్రమ, ట్యాంకు, కరెంటు, క్యాన్ ఖర్చు అన్నీ తమవే పెట్టుకొని, వచ్చిన ప్రతి డాలరూ ఇల్లు కాలినవారికి ఇచ్చే ఒక చిన్న బ్రూవరీ బీరులో వెన్న వాసన ఉందని పదిమందిలో చెప్పడం న్యాయమా? అన్నదానం పంక్తిలో కూర్చొని పప్పులో ఉప్పు తగ్గిందని ఎవరూ అనరు. ఈ ఒక్క బీరును తప్పొప్పుల లెక్క నుంచి మినహాయించాలని నా మనవి.

ఇంటిపీపా | బాతెల్, వాషింగ్టన్ రాష్ట్రం | 2019 జనవరి 6

నేను ఎనిమిదేళ్లుగా ఇంట్లో బీరు తయారుచేసుకుంటున్నాను కాబట్టి ఆ వెన్న వాసన సంగతి చెప్పగలను. దాన్ని డయాసిటైల్ అంటారు. ఈస్ట్ పులియబెట్టే క్రమంలో వదిలే ఒక పదార్థం బీరులో డయాసిటైల్‌గా మారుతుంది, పని చివరి దశలో మళ్లీ ఆ ఈస్టే దాన్ని లోపలికి తీసుకొని హరిస్తుంది. ఆ చివరి పనికి కొన్ని రోజుల వ్యవధి, కాస్త వెచ్చదనం కావాలి. తొందరపడి చల్లార్చి ఈస్టును అడుగుకు దింపేస్తే శుభ్రం చేసేవాడిని పని మధ్యలో ఇంటికి పంపినట్లే అవుతుంది. ట్యాంకులు తక్కువగా ఉన్నచోట, ముందే వేసుకున్న తయారీల మధ్య ఇరికించి, పండుగల లోపల అమ్మకానికి పెట్టాలనే ఆత్రంలో ఈ రోజులు కోసుకుపోయి ఉండవచ్చు. దీనికి ఇంకో కారణమూ ఉంటుంది: హాప్స్ తమతో కొన్ని ఎంజైములను తెస్తాయి. చివర్లో డ్రై హాపింగ్ చేసినప్పుడు, అంటే మరిగించకుండా హాప్స్‌ను నేరుగా బీరులో వేసినప్పుడు, అవి మిగిలిన పిండిపదార్థాన్ని చక్కెరగా విరగ్గొడతాయి, ఈస్ట్ మళ్లీ మేలుకొని డయాసిటైల్ పుట్టిస్తుంది. క్యాన్లో నింపేనాటికి లేని వాసన తరువాత బయటపడేది ఇందువల్లనే.

సహపంక్తి గారూ, మీ మాటలోని ఆర్ద్రత నాకు అర్థమవుతుంది. కాని తప్పును ఇలా గుర్తించి చెబితేనే ఆ తయారీదారు వచ్చేసారి రెండు రోజులు ఆగుతాడు. తుంగభద్ర_తీరం గారు బ్రూవరీ పేరు రాయకపోవడంలో మర్యాద ఉంది, వాసనను రాయడంలో నిజాయితీ ఉంది.

నల్లరేగడి | హైదరాబాదు | 2019 జనవరి 6

ఇక్కడ ఇది దొరకదు. మైక్రోబ్రూవరీలో కొళాయి నుంచి పట్టిన గోధుమ బీరే మాకు తాజా బీరు కాబట్టి అడిగి తెలుసుకుంటున్నాను. కొలాబరేషన్ అంటే ఇద్దరు తయారీదారులు ఒక కాగు దగ్గర నిలబడి చేసేదని అనుకున్నాను. 1,400 చోట్ల ఎవరికి వారు చేసుకున్నదాన్ని కలిసి చేసినదని అనవచ్చా? రెండో ప్రశ్న. టిన్ బీరులో లోహపు రుచి ఉంటుందని మా నాన్నగారి తరం నుంచి వింటున్నాను. ఇంత మంచి బీరును సీసాలో కాక టిన్‌లో ఎందుకు పోస్తున్నారు?

ఇంటిపీపా | 2019 జనవరి 6

కలిసి చేయడంలో మూడు తీరులు ఉన్నాయి. కొలరాడోలోని ఏవరీ, కాలిఫోర్నియాలోని రష్యన్ రివర్ బ్రూవరీల దగ్గర సాల్వేషన్ అనే ఒకే పేరుతో రెండు బీర్లు ఉండేవి. పేరు కోసం కోర్టుకు వెళ్లకుండా ఆ రెండు బీర్లనూ కలిపి 2006లో కొలాబరేషన్ నాట్ లిటిగేషన్ అనే పేరుతో విడుదల చేశారు. అది కలపడం. ఒక బ్రూవరీవారు ఇంకొకరి దగ్గరికి వెళ్లి, ఇద్దరూ పాళ్లు మాట్లాడుకొని ఒకే కాగులో వండడం రెండో తీరు, ఇప్పుడు ఎక్కువగా కనబడేది ఇదే. రెసిలియన్స్ మూడో తీరు: పాళ్లు, ఉద్దేశం, పేరు ఉమ్మడివి, కాగులు ఎవరివి వారివి. నా దృష్టిలో మూడింటిలో ఎక్కువ నమ్మకం కావలసింది దీనికే, ఎందుకంటే తన పేరు మోసే బీరును తాను కంటితో చూడని 1,400 కాగులకు వదిలిపెట్టడం ఏ తయారీదారుకూ తేలిక కాదు.

టిన్ సంగతి. అమెరికాలో క్యాన్ బీరు అమ్మకం 1935 జనవరిలో వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో క్రూగర్ కంపెనీతో మొదలైంది. చిన్న బ్రూవరీలు మాత్రం చాలాకాలం క్యాన్‌ను చిన్నచూపు చూశాయి. 2002లో కొలరాడోలోని ఆస్కర్ బ్లూస్ బ్రూవరీ తన డేల్స్ పేల్ ఏల్ బీరును క్యాన్లలో నింపాక ఆ చూపు మారడం మొదలైంది. క్యాన్ లోపల పలుచని పూత ఉంటుంది, బీరు అల్యూమినియానికి తగలదు. లోహపు వాసన వచ్చేది ఎక్కువగా అంచుకు పెదవి ఆనించి తాగినప్పుడే, అందుకే గ్లాసులో పోసుకోవాలి. వెలుతురు సంగతి ఇంకా ముఖ్యం. హాప్స్ చేదు పదార్థాలు వెలుగు తగిలితే విరిగి, నక్క కంపులాంటి దుర్వాసన ఇస్తాయి. గోధుమరంగు సీసా చాలావరకు ఆపుతుంది, ఆకుపచ్చ సీసా దాదాపు ఆపదు, క్యాన్ పూర్తిగా ఆపుతుంది. ఇక మిగిలే పెద్ద శత్రువు ఆక్సిజన్. నింపేటప్పుడు లోపల చిక్కుకున్న గాలి క్యాన్‌లోనూ తన పని తాను చేస్తుంది.

ఈతవనం | ప్లేనో, టెక్సాస్ | 2019 జనవరి 8

మా దగ్గర దొరికిన క్యాన్ ఇంకో వింత. ఇక్కడి బ్రూవరీ పాళ్లు అవే పెట్టి, ఈస్టు మాత్రం తమ ఇంటి రకం వాడిందట. బీరు మబ్బుగా, మామిడిరసం రంగులో ఉంది. పండిన జామపండు వాసన వచ్చింది, చేదు మెత్తబడిపోయింది. రుచిగా ఉంది, రెండోది కూడా తాగాను. కాని తుంగభద్ర_తీరం గారు రాసిన పంపరపనస తొక్క ఇందులో లేదు, గుగ్గిలం అసలే లేదు.

మాది నల్లగొండ జిల్లా. పోద్దాటి కల్లు వేరు, పరుపుతాటి కల్లు వేరు, పండుతాటి కల్లు వేరు అని అక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఒకే గౌడన్న, ఒకే మోకు, ఒకే వనం అయినా చెట్టు మారితే రుచి మారుతుంది, అదే చెట్టు కల్లు పొద్దున దించినది తియ్యగా ఉంటే సాయంత్రానికి ఘాటెక్కుతుంది. లొట్టిలో నిన్నటి కల్లు తాలూకు అడుగు ఎంత మిగిలిందనేదాని మీద కూడా పులుపు ఆధారపడుతుందని మా తాత అనేవాడు. ఆయనకు ఈస్ట్ అనే మాట తెలియదు, పని మాత్రం తెలుసు. అందుకని పాళ్లు ఒక్కటే అయినప్పుడు రుచి ఎందుకు మారిందనే ప్రశ్న నాకు తట్టలేదు. 1,400 లొట్టుల్లో వేర్వేరుగా చేసినా కనీసం కొన్నయినా ఒక్కలా ఎలా వచ్చాయన్నదే నాకు ఆశ్చర్యం.

ఇంటిపీపా | 2019 జనవరి 8

ఈతవనం గారి తాతగారు చెప్పినదానికి నీటిని కూడా కలపాలి. నీటిలో సల్ఫేటు ఎక్కువగా ఉంటే హాప్స్ చేదు పొడిగా, పదునుగా తెలుస్తుంది. క్లోరైడు ఎక్కువగా ఉంటే అదే చేదు గుండ్రంగా, మెత్తగా, మాల్ట్ ముందుకు వచ్చినట్లు తోస్తుంది. తుంగభద్ర_తీరం గారి రెండో క్యాన్ పదును నీటిదే అయి ఉండవచ్చు. కాగు పరిమాణం, మరుగు ఎంత బలంగా ఉంది, హాప్స్ ఏ పంటవి, ఇవన్నీ కలిసి అంతిమంగా చేదును అటూ ఇటూ జరుపుతాయి. సియెర్రా నెవాడావారు హాప్స్‌ను గుళికలుగా కంటే ఎక్కువగా ఎండిన పువ్వులుగానే వాడతారన్నది ప్రసిద్ధం, చాలామంది చిన్న తయారీదారులు వాడేవి గుళికలే.

బిడ్‌వెల్_బాట | శాన్ హోసె, కాలిఫోర్నియా | 2019 జనవరి 12

ఈ చర్చను వారం రోజులుగా చదువుతున్నాను. నేను చికోలోని విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్. చదివాను, నా పేరులోని బాట ఆ ఊరి బిడ్‌వెల్ పార్కులోదే. ఇరవయ్యో వీధిలో సియెర్రా నెవాడా బ్రూవరీ పక్కగా సైకిలు మీద వెళ్తుంటే, మాల్ట్ ఉడికే రోజున, అటుకులు వేయించినట్లుండే కమ్మని వాసన వచ్చేది. పారడైజ్‌కు స్కైవే అనే రోడ్డు మీదుగా కొండ ఎక్కి వెళ్లేవాళ్లం. మంటలు వచ్చిన ఉదయం వేలమంది కార్లలో దిగి వచ్చింది ఆ రోడ్డు మీదుగానే.

అక్కడ నాతో ల్యాబులో పనిచేసిన ఒకావిడ ఇల్లు కాలిపోయింది. పేరు రాయను. ఆమె భర్త, కుక్క, రెండు పెట్టెలు మిగిలాయి. క్రిస్మస్ తరువాత చూడడానికి వెళ్లినప్పుడు ఆమె ఉంటున్న బంధువుల ఇంట్లో ఈ క్యాన్లు ఉన్నాయి. ఆమె నాకొక గ్లాసు పోసి, తానొక గుక్క తాగి, కాసేపు ఆలోచించి, ‘చేదు నాకు ఒక పాలు ఎక్కువైంది, వాసన మాత్రం మా పెరటి చెట్ల వాసన’ అని అంది. వారి పెరట్లో పాండరోసా పైన్ చెట్లు ఉండేవి. ఇంటిపీపా గారు చెప్పిన గుగ్గిలం అదేనని నాకు అప్పుడు తట్టలేదు, ఇక్కడ చదివాక తట్టింది.

సహపంక్తి గారూ, ఎవరికోసం ఈ బీరు తయారైందో ఆ మనిషే చేదు ఎక్కువైందని అన్నది. ఆమె ఆ మాట అన్నప్పుడు నాకు తేలికగా అనిపించింది, ఎందుకంటే మంటలు వచ్చిన తరువాత ఆమె కాగితాలు, బీమా, అద్దె ఇల్లు కాకుండా మరొక సంగతి గురించి అభిప్రాయం చెప్పడం అదే మొదటిసారి.

తుంగభద్ర_తీరం | 2019 జనవరి 12

బిడ్‌వెల్_బాట గారూ, గుగ్గిలం మాట నాదే గాని, మీరు రాసింది చదివాక దాన్ని నేను సరిగ్గా వాసన చూడలేదనిపించింది. ఈ సాయంత్రం ఇంకో క్యాన్ తెరిచి మళ్లీ చూశాను. పైన్ చెట్టు బెరడు గీసినప్పటి పచ్చి వాసన, అవును, అదే. క్యాస్కేడ్ హాప్స్ 1972లో ఆరెగాన్ నుంచి విడుదలైన రకం, ఈ బ్రూవరీవారు 1980 నుంచి తమ పేల్ ఏల్‌లో వాడుతున్నదీ అదే. ఆ కొండల అడవికి, ఆ వాసనకు ఇంత దగ్గర సంబంధం ఉందని ఇన్నేళ్లు తాగుతూ నేను గమనించలేదు.

సహపంక్తి | 2019 జనవరి 14

బిడ్‌వెల్_బాట గారి మాట చదివి రెండు రోజులు ఆలోచించాను. నా అన్నదానం పోలికను వెనక్కి తీసుకుంటున్నాను. వడ్డించేవారికి ఉప్పు తగ్గిందని మెల్లగా చెప్పేవాడే తరువాతి పంక్తికి మేలు చేస్తాడని మా అమ్మ కూడా నిన్న ఫోన్లో అంది.

ఇక్కడి బ్రూవరీకి వెళ్లాను. వారి దగ్గర క్యాన్లు నింపే యంత్రం లేదు, అడిగినవారికి కొళాయి నుంచి 32 ఔన్సుల పెద్ద క్యాన్‌లో పట్టి, అక్కడికక్కడే మూత బిగించి ఇస్తున్నారు. దాన్ని క్రౌలర్ అంటారట. శనివారం తెచ్చి ఆరోజే సగం తాగినప్పుడు బత్తాయి వాసన గుప్పుమంది. మిగిలిన సగానికి మూత లేదు కాబట్టి గ్లాసు సీసాలోకి మార్చి ఆదివారం తాగితే, చప్పబడి, తడిసిన అట్టపెట్టె వాసన వేసింది. మీ దృష్టిలో ఇది బ్రూవరీ తప్పా, నా తప్పా?

ఇంటిపీపా | 2019 జనవరి 14

మీదే, సహపంక్తి గారూ. క్రౌలర్ తెరిస్తే ఆ పూటే ముగించాలి, అందుకే దాన్ని ఇద్దరు ముగ్గురు కూర్చొని తెరవాలి. తెరవకపోయినా కొద్దిరోజులకంటే ఉంచకూడదు, కొళాయి దగ్గర పట్టేటప్పుడు గాలి ఎక్కువగానే కలుస్తుంది.

నా వంతు కూడా రాస్తాను. వెల్లడించిన పాళ్లను 5 గ్యాలన్లకు తగ్గించుకొని డిసెంబరు మొదటివారంలో ఇంట్లో చేశాను. ఈస్టుగా వాడింది చికో రకం. ఇంట్లో తయారుచేసుకునే మేమందరం ఏళ్ల తరబడి వాడుతున్న ఆ శుభ్రమైన ఈస్టుకు ఆ ఊరి పేరే స్థిరపడింది, కనుక దానితో ఏ మూలన చేసినా ఈ బీరులో చికో కొంత ఉంటుంది. మా నీళ్లు బాగా పలుచన, సల్ఫేటు కోసం జిప్సమ్ కొంచెం కలిపాను. నాది రంగులో కాస్త ముదిరింది, క్రిస్టల్ మాల్ట్ తూకంలో నా చేయి ఎక్కువైంది, పాకం రుచి బెల్లపు అచ్చు దాకా వెళ్లింది. ఇంటి బీరు అమ్మడం చట్టం ఒప్పదు కాబట్టి, మిత్రులు పన్నెండుమందిని పిలిచి పోసి, ఎవరికి తోచినది వారు నేరుగా సహాయనిధికి పంపేలా చేశాను.

నల్లరేగడి | 2019 జనవరి 15

అందరికీ కృతజ్ఞతలు. ఒక్క లెక్క వేసి చూశాను. మొత్తం 17,000 బ్యారెళ్లు తయారవుతాయని సియెర్రా నెవాడావారి అంచనా అని చదివాను. అమెరికా బీరు బ్యారెల్ 31 గ్యాలన్లు, అంటే సుమారు 117 లీటర్లు. మొత్తం దాదాపు 20 లక్షల లీటర్లు, పైంటు లెక్కన 42 లక్షల గ్లాసులు. వాటిలో తుంగభద్ర_తీరం గారు సగం వదిలేసినది అర గ్లాసు. నేను ఒక్కటీ తాగలేదు, అయినా పంపరపనస తొక్క గిల్లి వాసన చూశాను.

తుంగభద్ర_తీరం | 2019 నవంబరు 9

ఈ చర్చను మళ్లీ పైకి తెస్తున్నందుకు మన్నించండి. జనవరిలో తెచ్చిన వాటిలో సియెర్రా నెవాడావారి క్యాన్ ఒకటి ఫ్రిజ్ వెనక భాగంలో ఉంచేశాను. ఐపీఏను దాచకూడదని నాకు తెలుసు, అయినా ఏడాది తిరిగిన రోజున తెరవాలనిపించింది. నిన్న రాత్రి తెరిచాను.

నురగ ఇప్పటికీ బాగానే వచ్చింది. రంగు ఒక ఛాయ ముదిరి టీ డికాక్షన్ వైపు జరిగింది. పంపరపనస తొక్క పోయింది. దాని స్థానంలో ఎండుద్రాక్ష, ముదురు పాకం, చివర్లో సహపంక్తి గారు చెప్పిన తడి అట్టపెట్టె ఛాయ ఉన్నాయి. ఆక్సిజన్ పడితే హాప్స్ వాసన ముందుగా చస్తుందని, క్రిస్టల్ మాల్ట్ ఎండుపండ్ల వైపు తిరుగుతుందని చదివినది నాలుక మీద కనబడింది. చేదు కూడా మొద్దుబారింది. ఎవరైనా ఇదే మొదటిసారి తాగితే మామూలు బీరనే అంటారు, వారి మాట సరైనదే.

గ్లాసు అరచేతిలో పట్టుకొని వెచ్చబడనిచ్చి మూడుసార్లు వాసన చూశాను. మూడోసారి, అట్టపెట్టె వాసన కింద, చాలా సన్నగా, పైన్ బెరడు దొరికింది. బిడ్‌వెల్_బాట గారూ, ఆవిడ ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారు?

బిడ్‌వెల్_బాట | 2019 నవంబరు 10

చికోలోనే, అద్దె ఇంట్లో. పారడైజ్‌లోని స్థలం శుభ్రం చేయించారు. పెరట్లో రెండు చెట్లు మిగిలాయట, బెరడు నల్లబడింది గాని వసంతంలో పైన చిగురు వేశాయని ఫొటో పంపింది.